జ్వాలను చదివిన శాస్త్రజ్ఞుడు

దీపావళి నాటి రాత్రి పిల్లలు కాల్చు మతాబులలో కొన్ని ఎఱ్ఱగను, కొన్ని ఆకుపచ్చగను, కొన్ని పసుపుపచ్చగను వెలుగును. వంటయింట పొయ్యిమీది పులుసు పొంగి మంటలో పడినచో, ఆ మంట ఒక్క క్షణము పసుపువన్నెకు తిరుగును. మతాబులోని మందునందు స్ట్రాన్షియము లవణమున్నచో ఎఱుపు, బేరియము లవణమున్నచో ఆకుపచ్చ కనబడును. పులుసులోని ఉప్పునందు సోడియము కలదు. దాని వన్నె పసుపు. మంటకు రంగు వచ్చుటను మానవుడు తరతరములుగా చూచుచునే యుండెను. కాని ఆ రంగు ఒక అక్షరము వంటిదనియు, దానిని చదువ నేర్చినచో ఏ వస్తువునందు ఏ మూలకమున్నదో చెప్పవచ్చుననియు నిరూపించి చూపినవారు ఇద్దరు జర్మను శాస్త్రజ్ఞులు. వారిలో పెద్దవాడు రాబర్ట్ విల్‌హెల్మ్ బున్‌సెన్. రసాయనశాస్త్ర ప్రయోగశాలలలో బల్లలపై నుండు వాయుదీపమునకు ఆయన పేరే పెట్టబడినది. విద్యార్థులలో పెక్కుమంది ఆ దీపము వలననే ఆయన పేరు నెఱుగుదురు. అయితే ఆయన చేసిన పనిలో అది మిక్కిలి చిన్న భాగము.

బున్‌సెన్ 1811వ సంవత్సరము మార్చి నెలలో జర్మనీ దేశమందలి గోటింగెన్ పట్టణమున జన్మించెను. నలుగురు కుమారులలో ఆయనయే కడగొట్టువాడు. తండ్రి ఆ పట్టణపు విశ్వవిద్యాలయమున భాషలను బోధించు ఆచార్యుడు. గ్రంథాలయమున ఉద్యోగి కూడ. గ్రంథముల నడుమ పెరిగిన ఆ బాలుని మనస్సు మాత్రము రాళ్ళమీదను, లవణములమీదను పోయెను. 1828లో ఆయన ఆ విశ్వవిద్యాలయమునందే చేరి, రసాయనశాస్త్రముతోపాటు భౌతిక, గణిత, ఖనిజశాస్త్రములను గూడ అభ్యసించెను. ఇరువది యేండ్లు నిండకమునుపే డాక్టరు పట్టము నందెను. పిదప ప్రభుత్వ మొసగిన ద్రవ్యసహాయముతో 1832, 1833 సంవత్సరములలో యూరపు ఖండమున దేశాటనము చేసెను. చాలవఱకు కాలినడకనే సాగిన ఆ ప్రయాణమున కర్మాగారములను, గనులను, పేరుపొందిన శాస్త్రజ్ఞుల ప్రయోగశాలలను శ్రద్ధతో చూచెను. చేతితో చేయు పనియెడల ఆయనకు కడవఱకు నిలిచిన గౌరవమునకు ఈ యాత్రయే పునాది యనవచ్చును.

గోటింగెనునకు మరలివచ్చి ఉపన్యాసకుడుగా చేరిన బున్‌సెన్, 1834లో బెర్థోల్డ్ అను వైద్యునితో గూడి పాషాణమునకు విరుగుడు కనుగొనెను. పాషాణమనగా ఆర్సెనిక్ అను మూలకముయొక్క సమ్మేళనము. రుచియు వాసనయు లేని ఘోరవిషము. అప్పటికప్పుడు తయారుచేసిన తడి ఇనుప ఆక్సైడును రోగిచేత మ్రింగించినచో, అది కడుపులోని విషముతో కలిసి నీట కరుగని పదార్థముగా మారును. కరుగని విషము రక్తములో చేరదు. ఈ విరుగుడు చిరకాలము వైద్యుల వాడుకలో నుండెను.

విరుగుడు కనుగొన్నవానినే ఆ విషము వెన్నాడెను. 1836లో కాసెల్ పట్టణమున ఉపాధ్యాయపదవిలో చేరిన పిదప ఆయన కాకొడిల్ అను ఆర్సెనిక్ సమ్మేళనములను పరిశోధింప మొదలిడెను. వాటి దుర్గంధము భరింపరానిది. వాటిలో కొన్ని గాలి సోకినంతనే తమంతట తామే అంటుకొనును. వాటి ఆవిరిని పీల్చినవారికి కాలుసేతులు తిమ్మిరెక్కి తల తిరుగును. అట్టి పదార్థములతో ఆయన ఏండ్ల తరబడి పెనగులాడెను. ఆ కాలమున ఒకనాడు కాకొడిల్ సయనైడు ఉన్న పాత్ర ప్రేలిపోయి, ఆయన కుడికంటికి గాయమయ్యెను. విషపుటావిరి సోకినందున కొన్ని దినములు చావుబ్రతుకుల నడుమ నుండెను. ప్రాణము దక్కెను గాని ఆ కంటి చూపు మరల రాలేదు. అయినను ఆయన భయపడి పనిని నడుమ విడువలేదు. దానిని ముగించిన పిదపనే వేఱు విషయములకు మరలెను. తరువాతి కాలమున రంగులను చదువుటలో లోకమునకు గురువైన ఈ మహనీయుడు ఆ పనినంతయు ఒంటికంటితోనే నెఱవేర్చెను.

1839 మొదలు 1851 వఱకు బున్‌సెన్ మార్బర్గ్ పట్టణమున నుండెను. అచ్చట ఆయన ప్లాటినమునకు బదులు బొగ్గుకడ్డీని వాడి, తక్కువ ఖర్చుతో ఎక్కువ విద్యుత్తు నిచ్చు ఘటమును 1841లో నిర్మించెను. ఇనుము తీయు ఊదుకొలుములనుండి వెలువడు వాయువులను పరీక్షించి, కొలిమిలోని వేడిలో పెద్దభాగము ఆ వాయువులతోపాటు వృథాగా గాలిలో కలియుచున్నదని లెక్కగట్టి చూపెను. 1846లో ఐస్లాండు ద్వీపమునకు పోయెను. అంతకుముందటి యేడు అచ్చట హెక్లా అను అగ్నిపర్వతము బ్రద్దలైయుండెను. ఆ ద్వీపమందలి వేడినీటి బుగ్గలు ఉండియుండి ఆకాశమునకు ఏల చిమ్ముచుండునో తెలిసికొనుటకై, బుగ్గ పొంగుటకు కొలది నిమిషములకు ముందు ఆయన దాని నోట నిలిచి ఉష్ణమాపకమును త్రాటితో లోనికి దింపెను. లోతున నీరు 100 డిగ్రీలను మించిన వేడితో నున్నను, పైనున్న నీటి బరువుచేత మరుగక నిలిచియున్నదనియు, ఆ బరువు తగ్గినంతనే ఒక్కుమ్మడిగా మరిగి పైకెగయుననియు ఆయన నిర్ణయించెను. ప్రయోగశాలలో అట్టి బుగ్గను చిన్నదానిని తయారుచేసి పొంగించి చూపెను గూడ.

1852లో ఆయన నెక్కర్ నదీతీరమున నున్న హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయమునకు రసాయనశాస్త్రాచార్యుడుగా వచ్చెను. జీవితాంతము ఆ పట్టణమును విడిచిపోలేదు. ఆయనకొఱకు అచ్చట క్రొత్త ప్రయోగశాల నిర్మింపబడెను. పట్టణపు వీథులలో దీపములు వెలిగించుటకై అప్పుడే వచ్చిన బొగ్గువాయువును గొట్టముల ద్వారా ఆ ప్రయోగశాలకును తెచ్చిరి. కాని ఆనాటి వాయుదీపములు రసాయన శాస్త్రజ్ఞునకు పనికివచ్చునవి కావు. వాటి మంట పసుపుగా మెఱయుచు, పాత్రలకు మసి పట్టించుచు, వేడి చాలక యుండెను. బున్‌సెన్ కోరినది వేఱు. గొట్టము అడుగున రంధ్రములుంచి, మండుటకు ముందే వాయువులో గాలి చక్కగా కలియునట్లు చేసినచో, మసిలేని, మిక్కిలి వేడియైన మంట వచ్చునని ఆయన తలంచెను. విశ్వవిద్యాలయమందలి పనిముట్ల నిపుణుడు పీటర్ డెసాగా ఆ ఊహకు రూపమిచ్చెను. ఆ దీపము 1855లో తయారయ్యెను. దాని మంటకు రంగు దాదాపు లేదు. ఈ రంగులేమియే దాని గొప్పతనము. తెల్లకాగితముపై సిరా కనబడినట్లు, రంగులేని మంటలో ప్రతి లవణపు రంగును స్పష్టముగా కనబడును.

బున్‌సెన్ ప్లాటినపు తీగ కొనను లవణములో ముంచి మంటలో నుంచి చూచెను. సోడియము పసుపు, పొటాసియము లేత ఊదా, లిథియము ఎఱుపు, స్ట్రాన్షియము కూడ ఎఱుపే. ఇచ్చట రెండు చిక్కులు వచ్చెను. లిథియపు ఎఱుపును, స్ట్రాన్షియపు ఎఱుపును కంటితో వేఱుచేయుట కష్టము. రెండవది, సోడియపు పసుపు మిక్కిలి బలమైనది. లేశమాత్రమున్నను పొటాసియపు ఊదాను కప్పివేయును. బున్‌సెన్ నీలి గాజుపలకల ద్వారా, నీలిమందు ద్రావణము ద్వారా మంటను చూచి, పసుపును వడగట్టి ఇతర వర్ణములను గుర్తింప యత్నించెను. కొంతవఱకు ఫలించెను.

ఆ కాలమున హైడెల్‌బర్గ్‌లో భౌతికశాస్త్రాచార్యుడుగా గుస్తావ్ కిర్కాఫ్ అను యువకు డుండెను. ఆయన బున్‌సెన్ కంటె పదమూడేండ్లు చిన్నవాడు. 1854లో ఆయన ఆ పట్టణమునకు వచ్చుటకు బున్‌సెన్ ప్రోత్సాహమే కారణము. ఇద్దరును సాయంకాలములందు కలిసి షికారు పోవుచుండిరి. బున్‌సెన్ తన చిక్కును చెప్పగా, రంగు గాజులకు బదులు గాజుపట్టకముతో చూడుమని కిర్కాఫ్ సూచించెను. పట్టకము తెల్లని వెలుగును ఇంద్రధనుస్సు వలె విడదీయునని న్యూటన్ కాలమునుండి తెలిసినదే. మంటనుండి వచ్చు వెలుగును అట్లు విడదీసినచో, కంటికి ఒక్కటిగా తోచు రంగు ఏయే వన్నెల కలయికయో తేలిపోవును.

1859లో ఇద్దరును కలిసి ఒక పరికరమును కూర్చిరి. ఒక చుట్టలపెట్టె, ఒక పట్టకము, పాత దూరదర్శినుల ముక్కలు రెండు. వాటితోనే అది తయారైనదని చెప్పుదురు. లోకమున మూలకములను వెదకుటకు వాడబడిన ఈ వర్ణపటదర్శిని, చూచుటకు ఏ మాత్రము గంభీరమైనది కాదు. కాని దానిలో కన్నుంచి చూచినప్పుడు కనబడిన దృశ్యము అపూర్వము. ప్రతి మూలకమునకును చీకటి తెరపై దానికే చెందిన వెలుగుగీతలు కనబడెను. సోడియమునకు పసుపున ఒక గీత. పొటాసియమునకు ఎఱుపుకొనను ఒకటి, ఊదాకొనను ఒకటి. లిథియమునకు ప్రకాశమానమైన ఎఱ్ఱగీత. స్ట్రాన్షియమునకు పలు గీతలు, నీలమున మఱొకటి. ఒక మూలకపు గీత ఉన్నచోట మఱొకదాని గీత లేదు. ఎన్ని లవణములు కలిసియున్నను ఎవరి సంతకము వారిదే.

ఈ పద్ధతి ఎంత సూక్ష్మమైనదో తెలిసికొనుటకు వారొక ప్రయోగము చేసిరి. 60 ఘనమీటర్ల గాలి పట్టు ఒక గదిలో, పరికరమునకు దూరముగా నున్న మూలను, మూడు మిల్లీగ్రాముల సోడియము లవణమును ప్రేల్చిరి. కొలది నిమిషములలో మంట పసుపువన్నెకు తిరిగెను; వర్ణపటమున సోడియపు గీత మెఱసెను. గదిలోని గాలినంతటిని, లవణపు బరువును లెక్కించి చూడగా, ఒక మిల్లీగ్రామును ముప్పది లక్షల భాగములు చేసి అందొక భాగము తీసికొన్నను ఆ పరికరము గుర్తింపగలదని తేలెను. ఆనాటి అతిసున్నితమైన త్రాసునకు గూడ ఆ భాగము శూన్యమే.

ఇట్టి కన్ను లభించిన పిదప వారు దానిని ఎల్లెడల త్రిప్పి చూచిరి. సస్యములకును, పండ్లకును సంబంధించిన ఒక విశేషము ఇచ్చటనే వెలువడెను. అంతవఱకు లిథియము లోకమున మిక్కిలి అరుదైనదనియు, నాలుగు ఖనిజములలో మాత్రమే కలదనియు శాస్త్రజ్ఞులు నమ్మియుండిరి. బున్‌సెన్, కిర్కాఫులు సముద్రపు నీటిని ఇగిర్చి మంటలో నుంచగా లిథియపు ఎఱ్ఱగీత కనబడెను. సముద్రపు నాచు బూడిదలో కనబడెను. బుగ్గల నీటిలో కనబడెను. పొగాకు బూడిదలో, రైను నదీ మైదానమున పండిన ద్రాక్షతీగల ఆకులలో, తుదకు ద్రాక్షపండ్లలో గూడ కనబడెను. అచ్చటి పైరులను మేసిన పశువుల పాలలోను దాని జాడ తెలిసెను. రాతిలోనున్న మూలకము రాయి అరిగి మట్టియై, మట్టిలోని నీటితో వేరులోనికి పోయి, ఆకునకు, కాయకు, పశువునకు చేరినది. మొక్కలు మట్టినుండి ఖనిజలవణములను ఆహారముగా గైకొనునని జర్మను శాస్త్రజ్ఞుడైన లీబిగ్ 1840లోనే బోధించియుండెను. ఆ ప్రయాణమును అడుగడుగున వెంబడించుటకు ఇప్పుడొక సాధనము దొరకెను. పూర్వము ఒక పండులోని ఖనిజముల నెఱుగవలెనన్నచో, బుట్టలకొలది పండ్లను కాల్చి బూడిద చేసి, దానిని ఆమ్లములలో కరిగించి, వడగట్టి, ఆరబెట్టి, తూచి, దినముల తరబడి శ్రమపడవలసి యుండెను. ఇప్పుడు చిటికెడు బూడిద తీగకొనపై చాలును. ఏమున్నదో నిమిషములలో తెలియును. అయితే ఎంత యున్నదో చెప్పుట ఆ తొలినాటి పరికరమునకు సాధ్యము కాలేదు.

1860లో డూర్క్‌హైమ్ అను ఊరి ఖనిజజలమును పరీక్షించుచుండగా బున్‌సెనునకు ఏ మూలకమునకును చెందని నీలిగీతలు రెండు కనబడెను. అది ఒక క్రొత్త మూలకపు సంతకమని ఆయన వెంటనే గ్రహించి, లాటిను భాషలో ఆకాశనీలమను అర్థము వచ్చునట్లు సీసియము అని పేరిడెను. మరుసటి యేడు ముదురు ఎఱ్ఱగీతలు గల మఱొక మూలకము దొరకెను. దానికి రుబీడియము అని పేరిడిరి. గీతలు కనబడినవి గాని పదార్థము చేతికి రావలెను గదా! అందుకై ఆయన సుమారు 44 టన్నుల నీటిని ఇగిర్పించెను. తుదకు దక్కినవి 7 గ్రాముల సీసియపు లవణము, 9 గ్రాముల రుబీడియపు లవణము. ఓర్పునకు కొలత యున్నచో ఈ అంకెలనే చూపవచ్చును.

అంతకుమునుపొకనాటి రాత్రి, పది మైళ్ళ దూరమున నున్న మాన్‌హైమ్ నగరమున పెద్ద అగ్నిప్రమాదము జరిగెను. ఇద్దరు మిత్రులును ప్రయోగశాల కిటికీనుండి ఆ మంటల వెలుగును వర్ణపటదర్శినితో చూడగా బేరియము, స్ట్రాన్షియముల గీతలు కనబడెను. పది మైళ్ళ ఆవలి మంటలో ఏమున్నదో ఇచ్చటనుండి తెలియగా, తొమ్మిది కోట్ల మైళ్ళ ఆవలి సూర్యునిలో ఏమున్నదో ఏల తెలియరాదను ఆలోచన వారికి కలిగెను. సూర్యుని వర్ణపటమున నల్లని గీతలున్నవని ఫ్రౌన్‌హోఫర్ 1814లోనే కనుగొని వాటి స్థానములను గుర్తించియుండెను; వాటికి కారణము మాత్రము తెలియలేదు. వేడియైన ఆవిరి ఏ వన్నెను వెదజల్లునో, తనగుండ పోవు వెలుగునుండి ఆ వన్నెనే మ్రింగివేయునని కిర్కాఫ్ కనుగొనెను. సూర్యుని నల్లగీతలు అచ్చటి మూలకముల నీడలు. సూర్యునియందు సోడియము, ఇనుము కలవని ఆ విధముగా తేలెను.

ఈ విద్య తెలుగుదేశమునకు శీఘ్రముగనే వచ్చెను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకై ఫ్రెంచి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు జాన్సెన్ వర్ణపటదర్శినితో గుంటూరునకు వచ్చి, సూర్యబింబపు అంచున ఎగయు జ్వాలల గీతలను పరిశీలించెను. ఆ జ్వాలల వర్ణపటమున సోడియపు గీతకు చేరువగా, దానితో కలియని పసుపుగీత యొకటి కలదని ఆ యేటి పరిశీలనలవలన తెలిసెను. ఆ మూలకమునకు హీలియము అని పేరు వచ్చెను. భూమిపై అది 1895లో రాంసేకు దొరకెను. అప్పటికి వృద్ధుడైన బున్‌సెన్ ఇంకను జీవించియే యుండెను.

కీర్తి ఎంత వచ్చినను ఆయన నడవడి మారలేదు. ఆయన వివాహము చేసికొనలేదు. దేశదేశములనుండి వచ్చిన శిష్యులే ఆయన సంసారము. ఉదయము మొదలు వారి బల్లల నడుమ తిరుగుచు, గాజు ఊదుట, తూచుట, వడగట్టుట స్వయముగా చేసి చూపుచుండెను. వేడికి అలవడి మొద్దుబారిన ఆయన వ్రేళ్ళు కాలిన గాజును సయితము పట్టగలిగియుండెనని శిష్యులు చెప్పుకొనుచుండిరి. వర్ణపట పరిశోధనను గూర్చి ఉపన్యసించునపుడు తన పేరు రానీయక, ఇట్లు కనుగొనబడినదని మాత్రమే చెప్పువాడట. తన దీపముమీద గాని, ఘటముమీద గాని ఆయన స్వంతహక్కు పొందలేదు. వాటివలన ఎందఱో ధనము గడించిరి. ఆయన వాటినుండి కాసు కోరలేదు. ఇట్టి నిరాడంబరతను కొందఱు అమాయకత్వ మనిరి. ఆయన మాత్రము విజ్ఞానమును అమ్ముకొను సరకుగా ఎన్నడును తలంపలేదు.

కష్టములు ఆయనను వదలలేదు. 1869లో సన్నని లోహచూర్ణమొకటి ప్రేలి ఆయన చేతులను, ముఖమును కాల్చెను. ఉన్న ఒక్క కంటికి హాని కలుగకుండుట అదృష్టమే. మఱి కొన్ని యేండ్లకు అరుదైన మూలకముల వర్ణపటములనుగూర్చి గొప్ప గ్రంథమొకటి సిద్ధపఱచి, వ్రాతప్రతిని బల్లపై నుంచి బయటికి పోయెను. తిరిగివచ్చి చూడగా అది బూడిదయైయుండెను. బల్లపైని నీటికూజా కటకమువలె పనిచేసి, కిటికీనుండి పడిన సూర్యకిరణములను కాగితములపై పోగుచేసినది. జీవితమంతయు వెలుగును అధ్యయనము చేసినవాని శ్రమను వెలుగే దహించెను. ఆయన కొంతసేపు నిరుత్తరుడయ్యెను గాని, మరల మొదటినుండి కొలతలు తీసి, పటములు గీసి, గ్రంథమును తిరుగ వ్రాసి 1875లో ప్రకటించెను.

1889లో, డెబ్బదియెనిమిదవ యేట, ఆయన ఉద్యోగమును విరమించెను. చిన్ననాటినుండి ప్రియమైన రాళ్ళను, కొండలను పరిశీలించుచు శేషజీవితమును గడపి, 1899 ఆగస్టు 16న హైడెల్‌బర్గ్‌లో మరణించెను.

ఎంత యున్నదను ప్రశ్నకు సమాధానము ఆయన మరణానంతరము వచ్చెను. స్వీడను దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లుండెగార్డ్, మొక్కల ఆహారమును పరిశోధించుచు, 1920-30 నడుమ ఆకుల బూడిద ద్రావణమును సన్నని తుంపరగా మంటలోనికి చిమ్మి, గీత ఎంత ప్రకాశించునో కొలిచెను. ప్రకాశము హెచ్చినకొలది మూలకము హెచ్చు. తెలిసిన పాళ్ళుగల ద్రావణములతో పోల్చి చూచినచో అంకె తేలును. 1955లో ఆస్ట్రేలియాలో అలన్ వాల్ష్, కిర్కాఫ్ చూపిన నల్లగీతలనే ఆధారము చేసికొని, మంటలోని ఆవిరి ఎంత వెలుగును మ్రింగునో కొలుచు పద్ధతిని వెల్లడించెను. అరటిపండులో పొటాసియము ఎంత, తోటకూరలో ఇనుము ఎంత, కాల్షియము ఎంత యని ఆహారపట్టికలలో కనబడు అంకెలు పెక్కు ఇట్టి పద్ధతులవలన లభించినవే.

కాని బున్‌సెన్ జ్వాలకు ఒక హద్దు కలదు. ఖనిజములు బూడిదలో మిగులును. చక్కెర, విటమినులు మంటలో నశించును. మండినదానిని మంట చూపజాలదు. అందుచేత వాటికి కాల్పులేని వెలుగును వాడుదురు. క్యారెట్టునకు వన్నె నిచ్చు కెరోటిను నీలపు వెలుగును మ్రింగును, 1928లో సి.వి. రామన్ కనుగొన్న వెలుగు మార్పు ద్వారా గూడ దానిని గుర్తింపవచ్చును. నీరు, చక్కెర మొదలగునవి ఎఱుపునకు ఆవల, కంటికి కనబడని వెలుగులో తమ తమ వన్నెలను మ్రింగును. ఆ కిరణములు కలవని విలియం హెర్షెల్ 1800లో ఉష్ణమాపకముతో కనుగొనెను. 1990 ప్రాంతమున జపానులో పీచుపండ్ల తీపిని ఆ వెలుగుతోనే కొలిచి వేఱుపఱుప మొదలిడిరి. ముందుగా కొన్ని పండ్లను కోసి రసమును పరీక్షించి, ఆ ఫలితములతో పరికరమునకు లెక్క నేర్పవలెను. మిక్కిలి కొలదిగా నుండు విటమినులను ఈ విధముగా కొలుచుట కష్టము. తీపి విషయమున మాత్రము అది చక్కగా పనిచేయును. పండుపై వెలుగు పడును, కొంత లోనికి పోయి మరలివచ్చును, అంకె కనబడును. బూడిద లేదు, ఆమ్లము లేదు, కత్తిగాటయినను లేదు. పరీక్ష ముగిసిన పిదప ఆ పండును తినవచ్చును.